ఏడు పొరల పాఠం, నాలుగు పొరల పని

నెట్‌వర్కింగ్ నేర్చుకోవడానికి అమీర్‌పేటలో కోచింగ్‌కి వెళ్లినా, ఇంజనీరింగ్ కాలేజీలో చేరినా మొదట్లోనే ఎదురయ్యేది ఓఎస్ఐ నమూనా. ఫిజికల్, డేటా లింక్, నెట్‌వర్క్, ట్రాన్స్‌పోర్ట్, సెషన్, ప్రెజెంటేషన్, అప్లికేషన్ అంటూ ఏడు పొరలు వరసగా అప్పజెప్పాలి. ఇంటర్వ్యూలోనూ అదే ప్రశ్న. తీరా ఉద్యోగంలో చేరాక కంప్యూటర్లలో నడిచేది టీసీపీ/ఐపీ. దానికి లింక్, ఇంటర్నెట్, ట్రాన్స్‌పోర్ట్, అప్లికేషన్ అని నాలుగే పొరలు. చదివేదొకటి, వాడేదొకటి అయినప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి దేని బలం ఎక్కడుందో తేల్చుకోవాలి.

ముందు పుట్టుక సంగతి. 1974లో వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ రాసిన పరిశోధన వ్యాసం టీసీపీ/ఐపీకి మూలం. వాళ్ల ముందున్న చిక్కు ఒక్కటే: ఒకదానితో ఒకటి పొసగని నెట్‌వర్కులను కలపడం ఎలా? ప్రయోగాలు చేస్తూ, సరిదిద్దుకుంటూ వెళ్లారు. 1981 సెప్టెంబరులో ఐపీ, టీసీపీల నిర్దేశాలు ఆర్‌ఎఫ్‌సీ అనే సాంకేతిక పత్రాలుగా వెలువడ్డాయి. 1983 జనవరి 1న అమెరికాలోని ఆర్పానెట్ అనే పరిశోధనా నెట్‌వర్కు వాటికి మారింది. నాలుగు పొరల వివరణకు ఇప్పుడందరూ చూపించే ఆర్‌ఎఫ్‌సీ 1122 వచ్చింది 1989లో. అంటే, కాపురం ఉంటున్న ఇంటికి తర్వాత గీసిన ప్లాను అది.

ఓఎస్ఐ ఇందుకు తలకిందులు. అప్పట్లో ఐబీఎంకు ఎస్‌ఎన్‌ఏ, డెక్ కంపెనీకి డెక్‌నెట్ అని ఎవరి నెట్‌వర్కు వారిదే. ఒక కంపెనీ యంత్రం కొన్నవాడు ఆ కంపెనీకే కట్టుబడాలి. ఆ కట్టు తెంచడానికి అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ పూనుకుంది. డేటాబేస్ రంగంలో పేరు పొందిన చార్లెస్ బాక్‌మన్ ఆ పని చేపట్టిన కమిటీకి అధ్యక్షుడు. ఏడు పొరల నమూనా 1984లో ఐఎస్‌ఓ 7498 పేరుతో ప్రమాణమైంది. ఉద్దేశం గొప్పది. కానీ పొరల హద్దులు ముందే గీసేసి, వాటిలో పనిచేయాల్సిన ప్రోటోకాళ్లను తర్వాత వెతుక్కున్నారు.

ఆ తేడా నమూనాల కింది భాగంలో ఓఎస్ఐకి మేలే చేసింది. ఐపీకి దిగువన ఉన్నదంతా టీసీపీ/ఐపీ దృష్టిలో ఒకే లింక్ పొర. కేబుల్, వోల్టేజీ, వైర్‌లెస్ సంకేతం, ఏదైనా సరే దానికి పట్టదు. హార్డ్‌వేర్ మనిషికి ఇది చాలదు. ఓఎస్ఐ ఆ భాగాన్ని రెండుగా విడదీసింది. వచ్చిన సంకేతాన్ని అన్ని పోర్టులకూ గుడ్డిగా పంపే హబ్ మొదటి పొరలోది. ఫ్రేమ్‌లోని 48 బిట్ల మ్యాక్ అడ్రస్ చదివి, సరైన పోర్టుకే పంపే స్విచ్ రెండో పొరలోది. ఐపీ అడ్రస్ చూసి దారి నిర్ణయించే రౌటర్ మూడో పొరలోది. హబ్‌కీ స్విచ్‌కీ తేడా చెప్పడానికి నాలుగు పొరల నమూనాలో చోటే లేదు. అందుకే టీసీపీ/ఐపీ తప్ప మరొకటి ముట్టుకోని ఇంజనీర్లు కూడా 'లేయర్ టూ స్విచ్', 'లేయర్ త్రీ స్విచ్' అని ఓఎస్ఐ అంకెలతోనే మాట్లాడతారు.

పైభాగానికి వచ్చేసరికి కథ మారుతుంది. సెషన్, ప్రెజెంటేషన్ అనే ఐదు, ఆరు పొరలకు నేటి ఇంటర్నెట్‌లో సొంత ఉనికి లేదు. బ్రౌజరుకూ సైటుకూ మధ్య సమాచారాన్ని గుప్తంగా ఉంచే టీఎల్‌ఎస్‌ను తీసుకోండి. సందేశ రూపం మారుస్తుంది కనుక ఆరో పొర అంటాడొకడు, సంభాషణను నెలకొల్పుతుంది కనుక ఐదో పొర అంటాడింకొకడు. పాఠ్యపుస్తకాల్లో ఏకాభిప్రాయం ఉండదు. ఆ పనులన్నీ అప్లికేషన్ చూసుకోవాలని తేల్చేసిన టీసీపీ/ఐపీ ఇక్కడ నిజాయతీగా ఉంది. అయితే దాని హద్దులూ చెదురుతున్నాయి. 2021లో ప్రమాణమైన క్విక్ ప్రోటోకాల్ యూడీపీ అనే తేలికపాటి రవాణా ప్రోటోకాల్ మీద కూర్చుని, రవాణానూ గుప్తీకరణనూ ఒకే చోట కలిపేసింది.

పోటీలో ఎవరు గెలిచారో తెలిసిందే. 1990 ఆగస్టు నుంచి కొత్త నెట్‌వర్కు కొనుగోళ్లలో ఓఎస్ఐ ప్రోటోకాళ్లు ఉండాలని అమెరికా ప్రభుత్వమే నిబంధన పెట్టింది. 1995లో ఆ పట్టు సడలించుకుంది. మన దేశంలో 1986లో మొదలైన విద్యా, పరిశోధనా నెట్‌వర్కు ఎర్నెట్‌లోనూ తొలినాళ్లలో రెండు రకాల ప్రోటోకాళ్లూ నడిచాయి, చివరికి టీసీపీ/ఐపీయే మిగిలింది. ఐఎస్‌ఓ పత్రాలను డబ్బు పెట్టి కొనాల్సి వచ్చేది, ఆర్‌ఎఫ్‌సీలు ఉచితం. పైగా బర్క్‌లీ యూనిక్స్‌తో పాటే టీసీపీ/ఐపీ విశ్వవిద్యాలయాలకు చేరింది. కుర్రాళ్ల చేతికి అందిందే నిలబడింది.

అంతమాత్రాన గెలిచినదంతా మేలైనదని కాదు. ఐపీ నాలుగో వెర్షన్ అడ్రసు 32 బిట్లు. అంటే దాదాపు 430 కోట్ల అడ్రసులు. ప్రపంచ స్థాయిలో వాటి నిల్వ 2011 ఫిబ్రవరిలో నిండుకుంది. ఓఎస్ఐ అడ్రసు 20 బైట్ల దాకా ఉండవచ్చు. 1992లో దాన్నే ఇంటర్నెట్‌కు తేవాలన్న ప్రతిపాదన వచ్చి, ఇంజనీర్ల ఆగ్రహానికి గురై వీగిపోయింది. తర్వాత 128 బిట్ల ఆరో వెర్షన్ తయారుచేసుకుని, ఇప్పటికీ దానికి పూర్తిగా మారలేక అవస్థ పడుతున్నాం. ఓడిన ఓఎస్ఐ పూర్తిగా పోనూ లేదు. సురక్షిత సైట్ల సర్టిఫికెట్లు పాటించే ఎక్స్.509 ఆ కుటుంబానిదే. పెద్ద ఇంటర్నెట్ కంపెనీల రౌటర్లు దారులు వెతకడానికి వాడే ఐఎస్-ఐఎస్ కూడా అంతే.

కాబట్టి నా తీర్పు ఇది. కేబుల్ నుంచి రౌటర్ దాకా లోపం వెతకడానికి ఓఎస్ఐ కింది పొరలను మించిన పద్ధతి లేదు. అక్కడి నుంచి పైకి టీసీపీ/ఐపీయే వాస్తవం. పాఠం టీసీపీ/ఐపీతో మొదలుపెట్టి, హార్డ్‌వేర్ దగ్గర ఓఎస్ఐని అందుకోవాలి. ఇంటర్వ్యూ చేసేవారికి ఒక మనవి: ఏడు పేర్లు అప్పజెప్పమని అడగకండి. 'స్విచ్ పోర్టు లైటు వెలుగుతోంది, 8.8.8.8కి పింగ్ వెళ్తోంది, పేరు కొడితే మాత్రం సైటు రావడం లేదు, ఎక్కడ వెతుకుతావు?' అని అడగండి. పేరును ఐపీ అడ్రసుగా మార్చే డీఎన్ఎస్ చూస్తానన్న అభ్యర్థికి రెండు నమూనాలూ వంటబట్టినట్టే.