ముందు గుణించండి

పుదుచ్చేరి కోసపాళయంలో మా ఇంటికి సాయంత్రాలు లెక్కలకు వచ్చే పిల్లల్లో, పెద్దవాళ్ల బదిలీ మీద యానాం నుంచి వచ్చినవాళ్లూ ఉంటారు. వాళ్లకు వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు, నా దగ్గర తెలుగు. ఎక్స్² – 5ఎక్స్ + 6 అని రాయగానే "గుణిస్తే 6, కూడితే మైనస్ 5" అని గొణుక్కుంటూ మధ్యపదాన్ని విడదీసేస్తారు. శూన్యాలు 2, 3. ఎందుకయ్యాయని అడిగితే మాత్రం నోరు మెదపరు.

అందుకే నేను వెనక నుంచి మొదలుపెడతాను. ఈ దారి దేకార్త్‌ది. 1637లో అచ్చయిన 'లా జియోమెట్రీ' మూడో భాగంలో ఆయన ముందు విడదీయడు, కడతాడు. (ఎక్స్ – 2)ని (ఎక్స్ – 3)తో గుణిస్తాడు. వచ్చినదాన్ని (ఎక్స్ – 4)తో గుణిస్తే ఎక్స్³ – 9ఎక్స్² + 26ఎక్స్ – 24. ఆపైన (ఎక్స్ + 5)తో. దానితో వచ్చే మైనస్ 5ను ఆయన 'అబద్ధపు' మూలమన్నాడు. రుణసంఖ్యల కూడికకూ గుణకారానికీ బ్రహ్మగుప్తుడు 628లోనే సూత్రాలు రాసిపెట్టాడని పిల్లలకు చెప్పకుండా ఉండలేను.

ఆ గుణకారం పిల్లలు తమ చేత్తో చేయాలి. అప్పుడు 9 అంటే 2, 3, 4ల మొత్తమనీ, 24 వాటి లబ్ధమనీ కళ్లెదుట కనిపిస్తుంది. పూర్ణాంక శూన్యాల కోసం 24ను భాగించే సంఖ్యల్లోనే వెతకాలని నేను చెప్పనక్కర్లేదు, వాళ్లే పట్టేస్తారు.

ఇక సున్నా సంగతి. (ఎక్స్ – 2)(ఎక్స్ – 3) = 6 అని ఇస్తే చాలామంది ఎక్స్ – 2 = 6 అని రాసేస్తారు. రెండు సంఖ్యల లబ్ధం 6 కావడానికి దారులు లెక్కలేనన్ని: 2, 3 కావచ్చు, అర, 12 కావచ్చు. లబ్ధం సున్నా కావాలంటే మాత్రం రెండింటిలో ఒకటి సున్నా అయి తీరాలి. ఈ పద్ధతికి బలమంతా అక్కడే ఉంది. కాబట్టి ముందు ఆ 6ను ఇవతలికి తెచ్చి, కుడివైపు సున్నా మిగల్చాలి. అప్పుడు ఎక్స్(ఎక్స్ – 5) = 0; జవాబులు 0, 5.

"ఎక్స్² – 5ఎక్స్ + 6లో చివరి 6ను 5 చేస్తే ఏమవుతుందండీ?" అని ఒక పిల్ల అడిగింది. నాకెంతో ఇష్టమైన ప్రశ్న. అలా చేస్తే మధ్యపదం పూర్ణాంకాల్లో విడిపోదు. శూన్యాలు లేకపోలేదు: 5కు దాని వర్గమూలాన్ని కలిపి సగం చేస్తే ఒకటి, తీసేసి సగం చేస్తే రెండోది. పాఠ్యపుస్తకం లెక్కలు చక్కగా విడిపోతున్నాయంటే, వాటిని తయారుచేసినవారు శూన్యాలను ముందే ఎంచుకుని గుణించారన్నమాట. అభ్యాసాల్లో విడిపోనివాటినీ కలిపి ఇవ్వాలి, ఏవి విడిపోతాయో ముందుగా చెప్పకుండా.