పేరుకు వెల

తన వెబ్‌సైటు పేరుపై, అనగా డొమైన్‌పై, ట్రేడ్‌మార్క్ నోటీసు అందుకొన్నవాడు నా యెదుట కూర్చుండి మొదట అడుగు మాట, “ఎంతకో అంతకు ఇచ్చేసి వదిలించుకుందామా, సారూ?” అని. గట్టు తగాదాలను, కౌలు లెక్కలను పదిమందిలో బేరమాడి తెంచుకొనుట అలవాటైన మా బూర్గంపాడువారికి ఆ యోచన సహజమే. కాని డొమైన్ వివాదమున ఆ బేరమే మెడకు చుట్టుకొనును. ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూచు ఐకాన్ సంస్థ 1999లో ఆమోదించిన విధానము ననుసరించి ఫిర్యాదీ, పేరు తన మార్కును పోలియున్నదనియు, ప్రతివాదికి దానిపై న్యాయమైన హక్కు లేదనియు, దురుద్దేశముతోనే దానిని రిజిస్టరు చేసి వాడుచున్నాడనియు మూడింటిని రుజువు చేయవలెను. ఖర్చుకు మించిన వెలకు మార్కు యజమానికే అమ్మజూపుటకై పేరు సంపాదించుట దురుద్దేశమునకు గుర్తని ఆ విధానమే చెప్పుచున్నది గనుక, వేయి రూపాయల పేరునకు రెండు లక్షలడిగిన ఒక్క వాట్సాప్ సందేశము ఎదుటివాని చేతికి సాక్ష్యమై పోవును.

అందుచేత నేను ముందుగా అడుగునది వెల కాదు, తేదీ: పేరు కొన్న రసీదు, ఆ పేరుతో ఇచ్చిన పాత బిల్లులు, దుకాణపు బోర్డు ఫోటో. ఐకాన్ పద్ధతిలో జవాబునకు గడువు ఇరువది దినములే. డాట్ ఇన్ పేర్లకు, వాటిని నిర్వహించు నిక్సీ సంస్థవారి మధ్యవర్తిత్వము వేరుగా కలదు.

ఒక అక్షరము మారినది గదా అను వాదమును నేను ప్రోత్సహింపను. మా ఊరి పేరునే ఇంగ్లీషులో బూర్గంపాడు అనియు బూర్గంపహాడ్ అనియు రాయుదురు. అంతమాత్రమున ఊళ్లు రెండగునా? హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ స్థాపించిన సత్యం ఇన్ఫోవే 1999లో ‘సిఫీ’ పేర్లను తీసికొనగా, తరువాత మరియొక సంస్థ ‘సిఫ్ఫీనెట్’ అని పెట్టుకొని, అది తన ప్రమోటర్ల పేర్లలోని తొలి అక్షరముల కూర్పని వాదించినది. బెంగళూరు సివిల్ కోర్టు ఇచ్చిన ఇంజంక్షనును హైకోర్టు తీసివేసినను, 2004 మే 6న సుప్రీంకోర్టు దానిని పునరుద్ధరించి, డొమైన్ పేర్లకై ప్రత్యేక చట్టము లేకున్నను పరుల పేరు చాటున వ్యాపారము చేయుటను నిరోధించు న్యాయము వానికిని వర్తించునని తేల్చినది. తొలి అక్షరముల కథ ధర్మాసనమునకు నమ్మదగినదిగా తోచలేదు, నాకును తోచదు.

అయితే నిజముగా మనవాని పేరే ముందుదైనచో జవాబు నాలుగు వాక్యములలో ముగియును. నిరాధారమైన బెదిరింపుపై దావా వేయు హక్కును ట్రేడ్‌మార్కుల చట్టము 142వ సెక్షను ఇచ్చుచున్నదని ఐదవ వాక్యమున చేర్చెదను. తరువాత మనవానికి చెప్పునవి రెండే: రెన్యువల్ తప్పనీయకుము, ఎదుటివారు ఫోనులో ఎంత మర్యాదగా అడిగినను అంకె పలుకకుము.