క్యాష్ క్లాక్: హాస్‌వెల్‌లో అలంకారం, రైజెన్‌లో ఆయువుపట్టు

ఓవర్‌క్లాకింగ్ రుచి మరిగినవాళ్లకు కోర్ వేగం కుదిరాక చెయ్యి ఊరుకోదు. ఇంటెల్ 2013లో తెచ్చిన హాస్‌వెల్ అయితే బయోస్‌లో ఆ పక్కనే క్యాష్ రేషియో కనిపిస్తుంది. కొన్ని బోర్డుల్లో దాన్నే రింగ్ అనీ, అన్‌కోర్ అనీ రాస్తారు. ఏఎండీ రైజెన్ అయితే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ మాట వినిపిస్తుంది. కోర్లకు బయట డేటా తిరిగే దారుల వేగాలే కదా అని రెంటినీ ఒకే గాటన కట్టేసి, పెంచితే పోయేదేముందని పెంచేస్తుంటారు. ఒకదాంట్లో పోయేది ఎక్కువ, వచ్చేది తక్కువ. రెండోదాంట్లో లెక్క తిరగబడుతుంది.

2011 నాటి శాండీ బ్రిడ్జ్‌లో ఈ తలనొప్పే లేదు. ఎల్3 క్యాష్, దాన్ని కోర్లతో కలిపే రింగ్ కోర్ వేగంతోనే నడిచేవి. కోర్లు నిద్రపోతే రింగూ మందగించి, అదే రింగు మీద ఆధారపడ్డ గ్రాఫిక్స్‌కు ఇబ్బంది అయ్యేది. హాస్‌వెల్‌లో కోర్ వేగాన్నీ, రింగ్ వేగాన్నీ విడదీశారు. అంటే ఇది విద్యుత్తు పొదుపు కోసం జరిగిన ఏర్పాటు. ఓవర్‌క్లాకర్లు మాత్రం దాన్ని తమకిచ్చిన బహుమతిగా తీసుకున్నారు.

ఆ బహుమతి విలువెంతో చూద్దాం. ఐ7-4770కెలో కోర్ 4.5 గిగాహెర్ట్జ్ దగ్గర నిలబడిందనుకోండి. క్యాష్‌ను 4.0 నుంచి 4.4కు తోస్తే పెరిగేది పది శాతం. ఆ పదీ పూర్తిగా చేతికి రాదు. ఎల్3 నుంచి డేటా రావడానికి పట్టే సమయంలో కొంత కోర్ క్లాక్ కిందే గడిచిపోతుంది. ఎల్3లోనూ దొరకని డేటా కోసం ర్యామ్ దాకా వెళితే, అక్కడి నిరీక్షణ ముందు ఈ తేడా ఆనదు. ఐడా64 బెంచ్‌మార్క్‌లో ఎల్3 అంకె ముచ్చటగా పెరుగుతుంది. గేమ్ తెరిస్తే ఫ్రేములు మాత్రం దాదాపు ఎక్కడివక్కడే.

ఖర్చు మాత్రం నిజం. క్యాష్‌కు వేరే వోల్టేజీ ఇవ్వాలి, అసలే వేడెక్కే చిప్ ఇంకాస్త వేడెక్కుతుంది. డిసెంబరులో గంటలకొద్దీ నిలబడ్డ సెట్టింగు మే నెల మధ్యాహ్నం చేతులెత్తేయడం మన దగ్గర వింతేం కాదు. అంతకన్నా చికాకు ఇంకోటి ఉంది. నీలి తెర మీద 0x124 అని పడితే తప్పు కోర్‌దా, క్యాష్‌దా అన్నది ఆ అంకె చెప్పదు. రెండూ ఒకేసారి పెంచినవాడు కోర్ వోల్టేజీ పెంచుకుంటూ పోతాడు, జబ్బేమో క్యాష్‌లో ఉంటుంది. అనుభవం ఉన్నవాళ్లు క్యాష్‌ను కంపెనీ వేగంలోనే ఉంచి ముందు కోర్ సంగతి తేల్చుకుంటారు. ఆ తర్వాతే, ఓపికుంటే, వందేసి మెగాహెర్ట్జ్ చొప్పున క్యాష్ జోలికి వెళతారు. వెళ్లకపోయినా నష్టం లేదంటాను.

2017 రైజెన్‌లో ఎల్3 కోర్ వేగంతోనే నడుస్తుంది కాబట్టి దానికి విడిగా మీట లేదు. కానీ ఎనిమిది కోర్లను నాలుగేసి చొప్పున రెండు గుంపులు చేసి, ఒక్కో గుంపుకు 8 ఎంబీ ఎల్3 పెట్టారు. అవతలి గుంపుతో మాట్లాడాలన్నా, ర్యామ్‌కు వెళ్లాలన్నా ఫ్యాబ్రిక్ దాటాల్సిందే. రెండు ఒడ్లకూ ఉన్నది ఆ ఒక్క వంతెనే. పైగా దాని వేగం మెమరీ క్లాక్‌కు ముడిపడి ఉండేది. డీడీఆర్4-2133 పెడితే 1066 మెగాహెర్ట్జ్, 3200 పెడితే 1600. ఏకంగా యాభై శాతం. ప్రాసెసర్ మీద డబ్బు పోసి ర్యామ్ దగ్గర పిసినారితనం చూపినవాడు ప్రాసెసర్‌నే నెమ్మది చేసుకున్నాడన్నమాట. ఇంటెల్ పెద్దగా పనిలేని మీటను ఎదురుగా పెడితే, ఏఎండీ అసలైన మీటను ర్యామ్ వేగం చాటున దాచింది. రెండో తప్పే పెద్దదని నా అభిప్రాయం.

2019లో వచ్చిన జెన్ 2 తరం రైజెన్‌తో ఫ్యాబ్రిక్‌కు సొంత సెట్టింగు వచ్చింది, దాంతోపాటే ఒక ఉచ్చూ వచ్చింది. డీడీఆర్4-3600తో 1800 మెగాహెర్ట్జ్ దగ్గర అన్నీ జతగా నడుస్తాయి. 3733 దాటితే మామూలుగా మెమరీ కంట్రోలర్ సగం వేగానికి దిగిపోతుంది. ఎక్కువ ధర పెట్టి కొన్న 4000 ర్యామ్, 3600 కన్నా ఆలస్యంగా బదులిస్తుంది.

మొరాయించే తీరులోనూ ఈ రెంటికీ పోలిక లేదు. హాస్‌వెల్ క్యాష్ మితిమీరితే చాలావరకు యంత్రమే పడిపోతుంది. ఫ్యాబ్రిక్ అలా కాదు, చాలాసార్లు లోపల్లోపలే తప్పులు దిద్దుకుంటూ నెట్టుకొస్తుంది. ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే వీయా-లాగర్ పేరుతో 19వ నంబరు హెచ్చరికలు బారులు తీరి ఉంటాయి. స్కోరు తగ్గినా యజమానికి అనుమానమే రాదు.

ఇంటెల్ రింగ్ ఎప్పుడూ అలంకారమేనా అంటే, కాదు. 2021 ఆల్డర్ లేక్‌లో పెద్ద కోర్లతో పాటు చిన్న కోర్లు కూడా అదే రింగు మీదికొచ్చాయి. 12900కెలో అవి పనిలో ఉంటే రింగ్ 3.6 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కలకు దిగేది, వాటిని ఆపేస్తే 4.7కు ఎక్కేది. తేడా ముప్పై శాతం, కాబట్టి కొన్ని గేముల్లో కనిపించేది. దానికోసం ఎనిమిది చిన్న కోర్లనూ బయోస్‌లో ఆపేసుకున్నవాళ్లున్నారు. గేములే లోకమైతే సరే, వీడియో రెండరింగ్ చేసుకునేవాళ్లకు అది దండగమారి బేరం. మరుసటేడు రాప్టర్ లేక్‌లో చిన్న కోర్లు పనిచేస్తున్నా రింగ్ అంతగా పడిపోకుండా సరిచేశారు.