ఇల్లాలు దిద్దిన రెండు కథలు

1910లో 'ఆంధ్రభారతి'లో వెలువడిన గురజాడవారి 'దిద్దుబాటు'ను తొలి ఆధునిక తెలుగు కథగా చిరకాలము చెప్పుకొన్నారు. 1902లో 'హిందూసుందరి'లో భండారు అచ్చమాంబ ప్రకటించిన 'ధనత్రయోదశి' తిరిగి వెలుగులోనికి వచ్చిన పిదప ఆ నిర్ణయము మీద వాదము రేగినది. ఆ తగవును తేదీలు తీర్చగలవు. తేదీలు తీర్చలేని ప్రశ్న వేరొకటి యున్నది: భర్తను దిద్దు ఇల్లాలికి ఈ రెండు కథలు ఇచ్చిన అధికార మెట్టిది?

అచ్చమాంబ బడిలో చదివినవారు కారు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకొనుచుండగా ఆమెయు చదువు నేర్చినది. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రచించినది. 1905లో, మస్తూరీకి సమీపమున నున్న బిలాస్‌పూరులో, ముప్పది యొక్క యేండ్లయినను నిండక మునుపే కన్నుమూసినది. తెలుగుదేశమునకు దూరమైన ఆ మధ్యపరగణాల జీవితము నుండియే ఆమె తెలుగు స్త్రీల కొరకు వ్రాసినది.

'ధనత్రయోదశి'లో పేదరికము ఓర్వలేక భర్త యజమాని సొమ్ము తస్కరించి తెచ్చును. విజయలక్ష్మి దానిని అంగీకరింపక తిరిగి ఇచ్చివేయుమని పట్టుబట్టును. పైకి ఇది పాతివ్రత్య బోధవలె కనిపించును. కాని పతి చేసిన పనిని కాదనుటయే ఇచ్చట సతీధర్మమైనది. విధేయత స్థానమును వివేకము ఆక్రమించినది. అచ్చమాంబ సాహస మిదియే. దానికొక హద్దును గలదు. ఇల్లాలు కాదనగలదు, ఒప్పింపగలదు. ఆ సంసారమునకు దారి చూపునది మాత్రము యజమాని ఔదార్యమే.

'దిద్దుబాటు'లో కమలిని చదువుకొన్నది. ఆమె ఆయుధము ఉత్తరము. అయినను కథలో మాటలన్నియు గోపాలరావువి, రామునివి. ఆమె నవ్వు చివరకు గాని వినబడదు. అంతకంటె గమనింపవలసినది మరొకటి గలదు. భర్తను ఆకర్షించిన సానికి కథలో ముఖము లేదు, మాట లేదు. ఒక స్త్రీ సంసారము చక్కబడుటకు మరొక స్త్రీ కేవలము దోషకారణముగా మిగిలినది. 'కన్యాశుల్కము'లో మధురవాణికి అంతటి వాక్కు నిచ్చిన గురజాడయే దీనిని వ్రాసెను గనుక ఈ మౌనము మరింత స్పష్టముగా తోచును. అచ్చమాంబ కథలో ఇల్లాలి గౌరవము నిలుపుటకు వేరొక స్త్రీని తగ్గింపవలసిన అవసరమే కలుగలేదు.

శిల్పమున 'దిద్దుబాటు' మిన్న; దానిలోని హాస్యము, సంభాషణ నేటికిని వాడిపోలేదు. నీతిబోధ బరువు 'ధనత్రయోదశి' మీద కనిపించును. కాని స్త్రీకి తన నిర్ణయమును తన నోటనే పలుకు అవకాశ మెవ్వరిచ్చిరని అడిగినచో, ఎనిమిదేండ్లు ముందు వ్రాసిన కథయే ముందంజలో నున్నది. అచ్చమాంబకు చెల్లవలసినది తొలి స్థానము మాత్రమే కాదు. శ్రద్ధతో కూడిన పఠనము.