లేవీయకాండం దాటాక

జనవరి ఒకటిన బైబిల్ మొదటినుంచి చదవడం మొదలుపెట్టినవాళ్లలో చాలామంది ఫిబ్రవరి మొదటివారంలోనే చతికిలబడతారు. సృష్టి, జలప్రళయం, యోసేపు కథ అలవోకగా సాగిపోతాయి. నిర్గమకాండం చివర గుడారపు కొలతలు రాగానే నడక మందగిస్తుంది. ఇక లేవీయకాండంలో బలులు, కుష్ఠు పరీక్షలు మొదలయ్యేసరికి గుర్తుకు పెట్టిన రిబ్బను అక్కడే ఉండిపోతుంది. డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధనలో మళ్లీ తీర్మానం, తెల్లారితే మళ్లీ ఆదికాండం. మొదటి యాభై పుటలు నలిగిపోయి, మిగతావి షాపులోంచి తెచ్చినట్టే ఉన్న బైబిళ్లు మన ఇళ్లల్లో కొల్లలు.

లెక్క చూస్తే ఇది అంత పెద్ద పనేం కాదు. ప్రొటెస్టెంట్ బైబిల్లో 1,189 అధ్యాయాలు. పాత నిబంధనలో 929, కొత్త నిబంధనలో 260. మామూలు రోజుల్లో మూడేసి, ఆదివారం ఐదు చదివితే ఏడాదిలో అయిపోతుంది. 1842లో స్కాట్లండ్‌లోని డండీ పాస్టరు రాబర్ట్ మర్రే మెక్‌చేన్ తన సంఘానికి వేసిచ్చిన పట్టిక ఇంకొంచెం తెలివైనది. రోజుకు నాలుగు చోట్ల నుంచి నాలుగు భాగాలు, రెండు కుటుంబ ప్రార్థనలో, రెండు ఏకాంతంలో. ఏడాదికి పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసిసార్లు పూర్తవుతాయి. ఒకచోట బరువైన భాగం నడుస్తున్నా మరోచోట కథ ఉంటుంది కాబట్టి చదివేవాడు కూలబడడు. పైగా ఊరంతా ఒకేరోజు ఒకే అధ్యాయం చదువుతుంది.

ఈ చివరి సంగతి విలువ దీవుల్లో బాగా తెలుస్తుంది. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్‌లో నూటికి 13 మందికి మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి చేపల వేటకో కూలికో వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఎక్కువ. జనాభాలో అయిదోవంతుకు పైగా క్రైస్తవులు. విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు ఓడ ఎక్కితే రెండు మూడు రోజులు సముద్రం మీదే. మనిషి ఒక దీవిలో, ఇంటివాళ్లు ఇంకో దీవిలో ఉండడం ఇక్కడ మామూలే. గోడకు అంటించిన పట్టిక ఒకటుంటే కబురు అందకపోయినా అమ్మ ఇవాళ ఏం చదివిందో కొడుక్కి తెలుస్తుంది. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ వచ్చాక ఆ ఇబ్బంది తగ్గింది. ఇప్పుడు కోడి కూయకముందే వాట్సాప్‌లో ఆడియో ధ్యానం వచ్చి పడుతోంది. అందులో వాక్యం ఒక నిమిషం, ముచ్చట పదిహేను నిమిషాలు. ఇది నాకు అంతగా రుచించదు.

రోజుకొక్క వాక్యం అనే పద్ధతి కొత్తదేం కాదు. 1728లో జర్మనీలోని హెర్న్‌హుట్‌లో కౌంట్ జింజెండార్ఫ్ తన మొరేవియన్ సంఘానికి రోజుకో వాక్యం ఇవ్వడం మొదలుపెట్టాడు. 1731 నుంచి అది ఏటా పుస్తకంగా అచ్చవుతూనే ఉంది. ఆ సంఘంవాళ్లే 1768లో తరంగంబాడి మీదుగా నికోబార్‌లోని నాన్‌కౌరీ చేరారు. జ్వరాలకు ఇరవైమందికి పైగా బలైపోయారు. 1787లో మిషన్ మూసేశారు. ఆ కష్టంలో రోజుకొక్క వాక్యం ఎంత ఆసరాగా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ పద్ధతిని తీసిపారేయలేం. కానీ మన గోడ క్యాలెండర్ల మీదా వాగ్దానం కార్డుల మీదా ఎప్పుడూ తీపి మాటలే ఉంటాయి. వరసగా చదివేవాడికి ఆ వెసులుబాటు లేదు. ఎదురైనదాన్నల్లా చదవాల్సిందే. ధ్యానానికి అసలు సరుకు దొరికేది అక్కడే.

లేవీయకాండం 14 చూడండి. ఇంటి గోడల్లో పచ్చదనమో ఎర్రదనమో పొడచూపితే యజమాని వెళ్లి యాజకుడికి చెప్పాలి. మూడు వేల మిల్లీమీటర్ల వాన కురిసే అండమాన్‌లో గోడకు బూజు ఎక్కడం చూడనివాడుండడు, కాబట్టి ఈ అధ్యాయం ఇక్కడ పరాయిదిగా అనిపించదు. దీన్ని ఒకసారి గబగబా చదివితే నియమాల చిట్టా. రెండోసారి పెన్సిలు పట్టుకుని, ఎవరు ఏం చేశారు, ఏది ముందు, ఏది తర్వాత అని గీస్తూ వెళ్తే ఒక వరస కంటపడుతుంది. యాజకుడు లోపలికి అడుగుపెట్టకముందే ఇంట్లో సామానంతా బయట పెట్టించమంటాడు. ఎందుకంటే ఆయన చూసి అపవిత్రమని తేల్చాక లోపలున్న మంచం, కుండ అన్నీ అపవిత్రమే. ముందే బయటికొస్తే బతికిపోతాయి. పేదవాడి నాలుగు గిన్నెలు కాపాడే ఏర్పాటు అది. తర్వాత ఏడు రోజులు ఇల్లు మూత, మచ్చపడ్డ రాళ్లు తీసి కొత్తవి పెట్టడం, గోడ గీకించడం. ఇల్లు కూలగొట్టించడం ఆఖరి మాట. ఈ దయ ఏ ధ్యాన పుస్తకమో చెప్పకుండానే దొరికింది. పుస్తకం తర్వాత తెరవాలి. ముందే తెరిస్తే దానిలో ఉన్నదే మనకు కనిపిస్తుంది.

మధ్యయుగపు సన్యాసులు ఇలా నిదానంగా చదవడాన్నే నాలుగు మెట్లుగా చెప్పుకున్నారు: చదవడం, నెమరువేయడం, ప్రార్థించడం, మౌనంగా ఉండడం. మన కుటుంబ ప్రార్థనలో మొదటిదీ మూడోదీ ఉంటాయి. రెండోదానికి తీరిక ఉండదు.

అసలు ఇదంతా సొంత భాషలో బైబిల్ ఉన్నవాళ్ల భాగ్యం. కార్ నికోబార్‌వాళ్లకు ఆ భాగ్యం ఆలస్యంగా దక్కింది. తమిళ ఉపదేశకుడు వేదప్పన్ సాలమన్ బడిలో చదివి, మాండలే వెళ్లివచ్చిన ఆ దీవివాడే జాన్ రిచర్డ్‌సన్ బైబిల్‌ను తమ భాషలోకి అనువదించడానికి జీవితం ధారపోశాడు. జపాన్ ఆక్రమణలో కొడుకును పోగొట్టుకున్నాడు, తర్వాత బిషప్ అయ్యాడు, మొదటి లోక్‌సభకు నామినేట్ అయ్యాడు. పూర్తి బైబిల్ 1969లో వచ్చింది. ఆదికాండం నుంచి ప్రకటన దాకా సొంత మాటల్లో చదవడం ఆ దీవిలో అప్పటినుంచే.

రోజులు తప్పితే ఏం చేయాలని అందరూ అడుగుతారు. తప్పినవన్నీ ఆదివారం ఒక్క పూటలో మింగేయొద్దు. ఇవాళ్టి తేదీ దగ్గర మొదలుపెట్టి, వదిలేసినవి వచ్చే ఏడాదికి ఉంచుకుంటే సరి. అపొస్తలుల కార్యాలు 27 మాత్రం తప్పనివ్వొద్దు. అందులో తుఫానులో చిక్కిన ఓడవాళ్లు రాత్రి లోతు కొలిస్తే ఇరవై బారలు, కాస్త ముందుకెళ్లాక పదిహేను. వెంటనే వెనక అమరం వైపు నుంచి నాలుగు లంగర్లు దించారు. మామూలుగా లంగరు ముందు వైపు నుంచి కదా వేసేది, ఇక్కడ వెనక నుంచి ఎందుకు? ఆ పూట ధ్యాన పుస్తకం మూసి, సంఘంలో వేటకు వెళ్లే పెద్దాయన్ని అడిగితే చెబుతాడు: పడవ ముక్కు ఒడ్డువైపే ఉండాలి, తెల్లారగానే అటే తోలాలి కాబట్టి.