సభ్యుల పుస్తకం నుంచే మొదలుపెట్టాలి

సహకార సంఘాన్ని ఆధునికం చేయాలనే మాట వచ్చినప్పుడల్లా చర్చ కంప్యూటర్ల మీదికే పోతుంది. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల లెక్కలను కంప్యూటర్లలోకి ఎక్కించడానికి కేంద్రం 2022లో 2,516 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. దేశమంతటా 63 వేల సంఘాలు లక్ష్యం. రైతు తన బాకీ ఎంతో వెంటనే చూసుకోగలగడం మంచిదే. కానీ నిజామాబాద్ జిల్లా ధర్పల్లి, ఆర్మూర్ వైపు పసుపు రైతుకు సొసైటీతో ఉన్న పని చాలావరకు పంటరుణం, యూరియా, వడ్ల కొనుగోలు దగ్గరే ఆగిపోతోంది. వానాకాలం మొదట్లో పెట్టిన పసుపును తవ్వి, ఉడికించి, ఆరబెట్టి, పాలిష్ పట్టించి, కొమ్ము, మండ వేరుచేసి, ఎవరి బస్తాలు వారే నిజామాబాద్ యార్డుకు తోలుకుపోతారు. ధర నచ్చనివాళ్లు కొందరు మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా పోతారు. నిజామాబాద్ యార్డు 2016లోనే ఆన్‌లైన్ జాతీయ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్‌లో చేరింది. వేలం పద్ధతి మారింది గాని, అమ్మే రైతు ఇంకా ఒంటరిగానే ఉన్నాడు.

అందుకే సొసైటీ నాయకత్వం ముందుగా సభ్యుల పుస్తకాన్ని సరిచేయాలంటాను. ఎప్పుడో వాటాధనం కట్టి మళ్లీ గడప తొక్కనివాడికీ, ప్రతి సీజన్‌లో సంఘంతోనే లావాదేవీ నడిపేవాడికీ ఒకే ఓటు ఉన్నంతకాలం చైర్మన్‌కు ఓట్లు కావాలి, సరుకు అక్కర్లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఈ చిక్కును సూటిగా పట్టుకుంది. సభ్యుడు ఏడాదిలో సంఘం సేవలను కనీసం ఎంత వాడుకోవాలో, సభలకు ఏ మేరకు రావాలో బైలాలోనే రాసుకోమంది. అంతకు తగ్గితే ఓటుహక్కు ఉండదు. ఈ పద్ధతి చట్టం కన్నా ముందే ఒకచోట వేళ్లూనుకుంది. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి చొరవతో మొదలైన ముల్కనూరు సంఘం అప్పు ఇచ్చిన చోటే ఎరువు, విత్తనం ఇచ్చి, పండిన పంటనూ తానే తీసుకునే దారిలో ఎదిగింది. సభ్యుడికి దానితో ఏడాది పొడవునా పని ఉంటుంది కనుకే దాని మంచిచెడ్డలు అతనికి పట్టాయి.

పంట పోయిన ఏడు చిన్నరైతు ఓటు కూడా పోవాలా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. కనీస వాటాను క్వింటాళ్లలో పెడితే అన్యాయమే. పండినదాంట్లో ఇంత వంతు అని పెట్టాలి. పది బస్తాలు పండినవాడు రెండు, వంద పండినవాడు ఇరవై తెస్తే ఇద్దరి బాధ్యతా సమానమే. పంట దెబ్బతిన్నవాళ్లకు మహాజన సభ మినహాయింపు ఇవ్వవచ్చు. ఇంతకన్నా గట్టి అభ్యంతరం మరొకటుంది. విత్తనానికి, కూలీలకు కమీషన్ ఏజెంటు దగ్గర ముందే డబ్బు తెచ్చుకున్న రైతు సరుకును సొసైటీకి ఎలా ఇస్తాడు? సరుకు చేరిన రోజే కొంత సొమ్ము చేతిలో పెట్టలేని సంఘం అతన్ని అడగకూడదు కూడా. అందుకే మొదటి ఏడు అయిదో వంతు చాలు.

రైతులు ఒక్కటి కారనే మాటను మాత్రం ఒప్పుకోను. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ బరిలో నిలిచిన 185 మందిలో 170 మందికి పైగా పసుపు బోర్డు కోసం పోటీకి దిగిన రైతులే. ఆ బోర్డు 2025 జనవరిలో మొదలైంది. కాకపోతే ఆ ఐక్యత ఒక డిమాండు కోసం వచ్చింది. సరుకు కలిపి, గ్రేడు చేయించి, కర్క్యుమిన్ పరీక్ష చేయించి అమ్మాలంటే ఏటా లెక్క చూపే పాలకవర్గం కావాలి.

అక్కడే మన ప్రాథమిక సంఘాలు వెనకబడ్డాయి. 2020 ఫిబ్రవరిలో ఎన్నికైన పాలకవర్గాల అయిదేళ్ల గడువు ముగిస్తే, ఎన్నికలకు బదులు పొడిగింపు వచ్చింది. 1995 చట్టంలోనైతే సకాలంలో ఎన్నిక, ఆడిట్, మహాజన సభ జరిపించని డైరెక్టర్లు మళ్లీ పోటీకి అనర్హులవుతారు. ఈ నియమం అన్ని సొసైటీలకూ వర్తించాలని ధర్పల్లి రైతులు అడగాలి. కొత్త పసుపు యార్డుకు చేరకముందే మహాజన సభ పెట్టి, ఎవరు ఎంత వంతు సరుకు తెస్తారో పేరుపేరునా రాసుకోవడానికి మాత్రం ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కర్లేదు.