పదకోశానికి పొలిమేర ఎక్కడ?

భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో వెలువరించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలది. భాషాశాస్త్ర కృషిగా దీనికి దక్కవలసిన గౌరవం దక్కింది. పలువురి తెలివి ఒకచోట చేరితే ఏమవుతుందో చెప్పే గ్రంథంగా కూడా దీన్ని చదవాలి. సేద్యపు మాటలన్నీ తెలిసిన రైతు ఏ ఊళ్లోనూ ఉండడు. మెట్ట రైతుకు తెలిసినవన్నీ మాగాణి రైతుకు తెలియవు. ఊరూరా అడిగి రాసుకున్న మాటలు ఒకచోట చేరాకే ఆ జ్ఞానానికి రూపం వచ్చింది.

అయితే పదిమంది చేరితేనే తెలివి పెరగదు. 1906లో ఇంగ్లండులోని ప్లిమత్‌లో జరిగిన పశుప్రదర్శనలో సుమారు 800 మంది ఒక ఎద్దు బరువును విడివిడిగా అంచనా కట్టారు. ఆ అంచనాల నడిమి విలువకూ అసలు బరువుకూ తేడా నూటికి ఒక పాలు కూడా లేదని ఫ్రాన్సిస్ గాల్టన్ 1907లో చూపాడు. ఎవరి అంచనా వారిదే కావడం అక్కడి కీలకం. బరువులకు నడిమి విలువ తీయవచ్చుగాని మాటలకు తీయలేం. నాగలి, అరక, మడక అనే మాటల్లో ఒకటి ఒప్పని తేల్చి తక్కినవి కొట్టివేస్తే మాండలిక కోశమే ఉండదు. తేడాలను ప్రాంతాలవారీగా నిలపడమే ఈ కోశం గొప్ప. ఆ తేడాల ఆధారంగానే తూర్పు, దక్షిణ, ఉత్తర, మధ్య మండలాలనే మాండలిక విభజన సాధ్యమైంది. ఏ ఒక్క రైతూ చెప్పలేని విషయాన్ని రైతులందరూ కలిసి చెప్పారన్నమాట.

ఇంత మేలైన పద్ధతికీ ఒక హద్దు ఉంది. బళ్లారి కంటోన్మెంట్‌లో ఉండి ఈ సంపుటం తిరగేసేవారికి అది వెంటనే కనిపిస్తుంది. సేకరణ పరిధి ఆంధ్రప్రదేశ్ జిల్లాలు. 1953లో బళ్లారి జిల్లాను విడదీసినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి. బళ్లారి తాలూకా మైసూరుకు పోయింది. నల్లరేగడి మాత్రం విడిపోలేదు. అయినా ఇటువైపు తెలుగు రైతు లెక్కలోకి రాలేదు.

నష్టం మాటల సంఖ్యలోనే కాదు. తెలుగులో గుంటక, కన్నడంలో కుంటె. తెలుగులో గొర్రు, కన్నడంలో కూరిగె. రెండు భాషలూ ఆడే రైతు ఏ మాట ఎప్పుడు ఎంచుకుంటాడు? ఏది సొంతం, ఏది ఎరువు? ఇది ఒక్క పండితుడు ఇంట్లో కూర్చుని విప్పగల చిక్కు కాదు. దీని జవాబు పొలిమేరకు రెండువైపులా చెదిరి ఉంది.

ట్రాక్టర్లు వచ్చాక గొర్రు, గుంటక పట్టిన చేతులు తగ్గిపోతున్నాయి. తెలుగు, కన్నడ శాఖలు కలిసి ఒకే ప్రశ్నావళితో రెండువైపులా తిరగాలి. మొదట ఒక్కొక్కరినే అడగాలి. ఆ తరువాత అందరినీ కూర్చోబెట్టి సరిచూడాలి. విడివిడిగా అడిగి తేడాలను కాపాడడం ఈ కోశం నేర్పిన పాఠం. ఆ పాఠాన్ని రాష్ట్రపు హద్దురాయి దగ్గర ఆపవలసిన పని లేదు.